చెప్పుల్లేని పెంగ్విన్ కాళ్ళు

ప్రశ్న: నమస్కారమండి. మాది నెల్లూరు. మావారి ఉద్యోగం వల్ల చెన్నై మడిపాక్కంలో ఉంటున్నాం. బాబుకి ఐదేళ్ళు, యూకేజీ చదువుతున్నాడు. వచ్చే వారం స్కూల్లో పిల్లలందరూ ఒక్కో జంతువు గురించి రెండు నిమిషాలు మాట్లాడాలట. మావాడికి పెంగ్విన్ వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే గోల. "మంచు మీద చెప్పుల్లేకుండా నిలబడితే దాని కాళ్ళు గడ్డకట్టవా?" అని అడుగుతున్నాడు. మా అత్తగారు "దేవుడు వాటిని చలి లేకుండా పుట్టించాడు నాన్నా" అన్నారు. మావారు "దాని రక్తం వేడిగా ఉంటుందిరా" అన్నారు. వాడు ఒప్పుకోలేదు. "ఒళ్ళంతా ఈకలున్నాయి, కాళ్ళకి లేవుగా" అంటాడు. మొన్న ఐస్ ట్రే తెచ్చి బాత్రూంలో బోర్లించి దాని మీద నిలబడ్డాడు, తర్వాత ఏడుపు. రాత్రిళ్ళు ఏసీ 16లో పెట్టమని పేచీ. ఇంకా బోలెడు ప్రశ్నలు: అలా ఊగుతూ నడిస్తే పడిపోదా, దానికి మోకాళ్ళు ఉండవా, మన ఫ్రిజ్‌లో పెట్టి పెంచుకోవచ్చా, చెన్నైలో ఎక్కడైనా చూడొచ్చా. నాకు సైన్స్ అంతంతమాత్రం. ఐదేళ్ళవాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? — ఒక అమ్మ, చెన్నై

జవాబు:

అమ్మా,

ముందు ఐస్ సంగతి తేల్చేద్దాం. ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన ఐస్ మైనస్ 18 డిగ్రీల దాకా ఉంటుంది. తడికాలు పెడితే చర్మం దానికి అతుక్కుంటుంది. మీవాడు మళ్ళీ నిలబడతానంటాడు, ఒక్క ఏడుపుతో మానేసే వయసు కాదది. అన్నప్పుడు ఐస్‌ని పళ్ళెంలో పోసి, కాస్త కరిగి నీళ్ళు ఊరేదాకా ఆగండి. పైన పల్చటి గుడ్డ పరచండి. ఒక్క కాలే పెట్టించి, ఒకటి నుంచి పది లెక్కపెట్టి దింపేయండి. మీరు పక్కనే ఉండండి.

దించాక రెండు కాళ్ళూ చేత్తో పట్టుకుని చూడమనండి. ఐస్ మీద పెట్టిన కాలు చల్లగా ఉంటుంది, పెట్టనిది వెచ్చగా ఉంటుంది. "ఈ కాల్లో ఉన్న వేడి ఎక్కడికి పోయింది?" అని అడగండి. పళ్ళెం కేసి చూపించండి, కాలు పెట్టిన చోట ఐస్ కాస్త ఎక్కువ కరిగి ఉంటుంది. వాడి కాల్లోని వేడి అందులోకి పోయింది. "తలుపెయ్, చలి లోపలికొస్తోంది" అని మనం రోజూ అంటాం గానీ, ఒంట్లోకి వచ్చేదేమీ లేదు. ఒంట్లోంచి వేడి బయటికి పోతుంది, దాన్నే మనం చలి అంటున్నాం. ఈ ముక్క వాడి బుర్రకెక్కితే మిగతాదంతా తేలిక. పెంగ్విన్ ఒంట్లో వేడి దాదాపు 38 డిగ్రీలు, మనకన్నా కాస్త ఎక్కువే. బయటేమో, ఎంపరర్ పెంగ్విన్లు (పెంగ్విన్లలో అన్నిటికన్నా పెద్ద రకం) ఉండే అంటార్కిటికా తీరాల్లో చలికాలం మైనస్ 40 దాకా దిగుతుంది. మీ ఫ్రీజర్ దాని ముందు ఎందుకూ చాలదు. లోపలున్న ఆ 38 డిగ్రీల వేడిని బయటికి పోనివ్వకుండా కాపాడుకోవడమే పెంగ్విన్ పని. అది చేసే ప్రతి వింత పనికీ కారణం అక్కడే దొరుకుతుంది.

మీ అత్తగారి మాటని కొట్టేయకండి. "చలి లేకుండా ఎలా పుట్టించాడో చూద్దాం రండి" అని ఆవిడనీ కూర్చోబెట్టుకోండి. కింద చెప్పే ఆటలకి ఎలాగూ మనుషులు కావాలి. మీవారు చెప్పిందీ తప్పు కాదు, రక్తం వేడిదే. అయితే మీవాడి పేచీలో ఇంకా పస ఉంది. వేడి రక్తం నేరుగా పాదాల్లోకి దిగితే, ఈకల్లేని ఆ పాదాల్లోంచి వేడంతా మంచులోకి పోతుంది. పాదాలు వెచ్చగానే ఉంటాయి, పెంగ్విన్ మాత్రం నిలువునా చల్లబడిపోతుంది. మరెలా?

వాడికి చెప్పండి: పెంగ్విన్ పాదాలు వెచ్చగా ఉండవు. చల్లగానే ఉంటాయి. అది కావాలనే వాటిని చల్లగా ఉంచుకుంటుంది.

గడ్డకట్టే సున్నా డిగ్రీలకన్నా ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే పైన, అంతే. అంతకన్నా వెచ్చబెడితే ఆ వేడి మంచు పాలు. అంతకన్నా తగ్గితే పాదం గడ్డకడుతుంది. ఆ సన్నటి సందులో పాదాన్ని నిలబెట్టడానికి దాని కాల్లో ఒక ఏర్పాటుంది. ఒంట్లోంచి పాదానికి వేడి రక్తం తెచ్చే నాళాలు, పాదం నుంచి చల్లటి రక్తాన్ని పైకి తీసుకెళ్ళే నాళాలు దగ్గరదగ్గరగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కిందకి దిగే రక్తం తన వేడిని, పైకి ఎక్కుతున్న చల్లటి రక్తానికి దారిలోనే ఇచ్చేస్తుంది. పాదం చేరేసరికి దాని దగ్గర మిగిలేది కొంచెమే. పైకెళ్ళే రక్తమేమో వెచ్చబడి ఒంట్లోకి తిరిగొస్తుంది. పొట్టలోని వేడి పొట్టకే దక్కుతుంది.

ఇది మాటల్లో చెబితే ఐదేళ్ళవాడు రెండో వాక్యానికే లేచిపోతాడు. ఆడించండి. హాలు పెంగ్విన్ పొట్ట అనుకోండి. బాత్రూం గుమ్మం పాదం. మధ్యలో నడవా కాలు. మీవారి చేతికి ఐదు రుమాళ్ళివ్వండి, అవే వేడి. ఆయన హాల్లోంచి బాత్రూం వైపు నడవాలి. బాబు బాత్రూం దగ్గర్నుంచి ఖాళీ చేతుల్తో హాలు వైపు రావాలి. నడవాలో ఎదురుపడ్డప్పుడు ఆయన నాలుగు రుమాళ్ళు వాడి చేతిలో పెట్టి, ఒక్కటి మాత్రం తనతో తీసుకెళ్ళాలి. బాత్రూం గుమ్మం దగ్గర నాయనమ్మని కూర్చోబెట్టండి, ఆవిడ మంచు. వచ్చినవాళ్ళ చేతిలో ఉన్నదంతా లాగేసుకోవడం ఆవిడ పని. ఆవిడకి ఒక్క రుమాలే దొరుకుతుంది. నాలుగూ హాలుకి తిరిగొచ్చేశాయి. తర్వాత ఒకసారి నడవాలో ఎవరూ ఎదురు రాకుండా ఆడండి. ఐదుకి ఐదూ నాయనమ్మ ఖాతాలోకే. రెండుసార్లు ఆడేసరికి వాడే మీకు చెబుతాడు చూడండి.

ఇంకొంచెం ఓపికగా వింటుంటే ఇంకో రెండు సంగతులు చెప్పొచ్చు. చలి మరీ ఎక్కువైతే పాదానికి వెళ్ళే నాళాలు సన్నబడి రక్తం తక్కువ వెళుతుంది. ఒళ్ళు వేడెక్కితే అవి వెడల్పవుతాయి, అప్పుడు అవే పాదాలు వేడిని బయటికి పంపే దారి. పైగా పాదాన్ని ఆడించే కండరాలు చాలావరకు పైన వెచ్చటి ఒంట్లోనే ఉంటాయి. అక్కణ్ణుంచి స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే గట్టి తాళ్ళలాంటివి, దిగి వేళ్ళని లాగుతుంటాయి. అందుకే పాదం అంత చల్లగా ఉన్నా పని మానదు. మరీ గాలి వీచే రోజుల్లో ఎంపరర్ పెంగ్విన్ వెనక్కి వాలి, మడమల మీదా తోక మీదా ఆనుకుని, వేళ్ళు మంచుకి తగలకుండా పైకెత్తి నిలబడుతుంది. ఈ భంగిమ మీవాడు చేసి చూపిస్తే స్కూల్లో చప్పట్లు ఖాయం. గోడకి ఆనుకుని ప్రాక్టీస్ చేయించండి.

కాళ్ళలో ఇలాంటి ఏర్పాటు పెంగ్విన్ ఒక్కదానికే లేదు. మీ ఇంటికి దగ్గర్లోనే పళ్ళిక్కరణై చిత్తడినేల ఉంది కదా. చలికాలంలో ఉత్తరాది చలి దేశాల నుంచి అక్కడికి బాతులొస్తాయి. వాటి కాళ్ళలోనూ ఇదే పద్ధతి. మార్గళి నెలలో ఒక ఆదివారం పొద్దున్నే తీసుకెళ్ళి చూపించండి. పెంగ్విన్ దొరక్కపోయినా పెంగ్విన్ కాలు దొరికినట్టే.

ఇక ఒళ్ళు. ఇక్కడ మూడు పొరలున్నాయి: చర్మం కింద కొవ్వు, చర్మం మీద నూగు, దాని పైన గట్టి ఈకలు. ఎంపరర్ పెంగ్విన్ బాగా తిన్న రోజుల్లో కొవ్వు పొర రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉంటుంది. వాడి వేలు అడ్డంగా పెట్టి చూపించండి, రెండు వేళ్ళ మందం. దీనికి డాల్డా ప్రయోగం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒక జిప్ కవర్లో నాలుగు గరిటెల డాల్డా వేసి, దానిలోపల ఇంకో కవర్ పెట్టి, డాల్డా రెంటి మధ్యా సమంగా పరుచుకునేలా పిసకండి. వాడి చెయ్యి లోపలి కవర్లో పెట్టించి ఐస్ నీళ్ళ గిన్నెలో ముంచమనండి. రెండో చేతికి డాల్డా లేని రెండు కవర్లు. రెండో చెయ్యి క్షణాల్లో బయటికొస్తుంది. డాల్డా చెయ్యి అలాగే ఉంటుంది. వాడి మొహం చూడాల్సిందే అప్పుడు.

ఈకల గురించి పుస్తకాలు చాలా గొప్పలు చెబుతాయి. పిల్లాడికి చెప్పాల్సింది ఒకటే: బయటి ఈకలు పొట్టిగా, గట్టిగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి పరుచుకుని ఉంటాయి, గాలీ నీళ్ళూ లోపలికి దూరనివ్వవు. వాటి మొదట్లో ఉండే నూగులో గాలి చిక్కుకుని ఉంటుంది. కదలని గాలి వేడిని త్వరగా పోనివ్వదు. ఈ పొర ఎంత బాగా పనిచేస్తుందంటే, వీపు మీద పడిన మంచు కరక్కుండా అలాగే ఉండిపోతుంది. లోపల 38 డిగ్రీలున్నా పైన ఆ సంగతే తెలియదు. తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది, అక్కడి నూనెని ముక్కుతో తీసి ఒళ్ళంతా రాసుకుంటుంది. వాడి ఒక అరచేతికి కొబ్బరినూనె రాసి, రెండు చేతుల మీదా నీళ్ళు చల్లండి. నూనె చేతి మీద నీళ్ళు బొట్లుబొట్లుగా జారిపోతాయి.

ఏడాదికోసారి ఆ ఈకలన్నీ ఒక్కసారే రాలి కొత్తవి వస్తాయి. ఎంపరర్‌కి ఇది నెల పైచిలుకు పని. అన్నాళ్ళూ సముద్రంలోకి దిగదు, కాబట్టి తిండీ లేదు. ముందే బాగా తిని కొవ్వు దాచుకుని వస్తుంది. ఆ నెలలో దాని అవతారం చూస్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు, సగం పాత కోటు, సగం కొత్త కోటు.

స్వెటరూ మఫ్లరూ వేసిన పెంగ్విన్ బొమ్మలంటే నాకు ఒళ్ళుమంట. ముద్దుగా ఉంటాయి, కాదనను. కానీ ఆ బొమ్మ చూసిన పిల్లాడు పెంగ్విన్‌కి చలేస్తోందనుకుంటాడు, ఉన్న ఈకల గురించి అడగడు. స్కూలుకి వేషం వేస్తారు కాబట్టి చెబుతున్నా, తెల్ల టీషర్టు మీద నల్ల కోటు చాలు, మఫ్లర్ వద్దు. ఆ నలుపు తెలుపుల రంగు కూడా ఊరికే లేదు. సముద్రంలో ఈదేటప్పుడు పైనుంచి చూసేవాళ్ళకి నల్ల వీపు చీకటి నీళ్ళలో కలిసిపోతుంది. కిందనుంచి చూసే, పెంగ్విన్లని వేటాడే సీల్‌కి తెల్ల పొట్ట పైనున్న వెలుతురులో కలిసిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, నాన్న పెంగ్విన్ కథ. పడుకునే ముందు చెప్పడానికి ఇంతకన్నా మంచిది దొరకదు.

అంటార్కిటికా చలికాలం నడిమధ్యలో గుడ్డు పొదిగే పెంగ్విన్ ఎంపరర్ ఒక్కటే. చెన్నైలో మనం అగ్ని నక్షత్రం ఎండలకి మాడిపోయే మే నెలలో, అక్కడ పగలు కుంచించుకుపోతూ చలికాలం ముదురుతుంటుంది. సరిగ్గా అప్పుడే అమ్మ పెంగ్విన్ ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దాదాపు 450 గ్రాముల బరువు, ఎనిమిది కోడిగుడ్లంత. గూడు ఉండదు, కట్టుకోవడానికి పుల్లా లేదు రాయీ లేదు, అంతా మంచే. అమ్మ ఆ గుడ్డుని తన పాదాల మీంచి నాన్న పాదాల మీదకి జాగ్రత్తగా దొర్లిస్తుంది. మంచు మీద పడి ఒకటి రెండు నిమిషాలు ఉండిపోయిందా, లోపలి పిల్ల గడ్డకట్టినట్టే. నాన్న దాన్ని పాదాల మీద నిలబెట్టుకుని, పొట్ట కింద వేలాడే చర్మపు మడతని పైన కప్పేస్తాడు. ఆ మడత లోపలి వైపు ఈకలుండవు, ఒంటి వేడి నేరుగా గుడ్డుకి తగులుతుంది. అమ్మ తిండి కోసం సముద్రానికి వెళ్ళిపోతుంది.

నాన్న అలా రెండు నెలల పైనే, దాదాపు 65 రోజులు నిలబడతాడు. అంతకు ముందు జతకట్టడానికి వచ్చిన రోజులు కూడా కలిపితే నాలుగు నెలల దాకా తిండి ఉండదు. దాహానికి మంచు తింటాడు. ఒంట్లో దాచుకున్న కొవ్వే ఖర్చు. అమ్మ తిరిగొచ్చేసరికి బరువులో 40 శాతం దాకా తగ్గిపోతాడు. గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చాక కూడా అమ్మ రాకపోతే, గొంతులోంచి పాలలాంటి ద్రవం తీసి పిల్లకి పెడతాడు.

మీవారికి ఒక పని పెట్టండి. పాదాల మీద రబ్బరు బంతి పెట్టుకుని, అది కింద పడకుండా హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడవమనండి. బంతి మీద వాడి పేరు రాయండి.

ఒంటరిగా నిలబడితే ఎంత లావు నాన్నైనా ఆ గాలికి ఆగలేడు. అందుకే వందలు, ఒక్కోచోట వేల పెంగ్విన్లు ఒకదానికొకటి ఆనుకుని గుంపు కడతాయి. గుంపు నడుమ 37 డిగ్రీల దాకా చేరిన సందర్భాలున్నాయి. నమ్మండి, బయట మైనస్, నడుమ చెన్నై! మరి నడుమ ఉన్నవాళ్ళే ఎప్పుడూ నడుమ, అంచున ఉన్నవాళ్ళు ఎప్పుడూ అంచునేనా అని మీవాడు తప్పకుండా అడుగుతాడు. ఉండరు. గాలి తగిలే వైపున్నవి పక్కనుంచి నడిచి గాలి మాటుకి చేరతాయి. దాంతో నిన్న అంచున ఉన్నది ఇవాళ నడుమకి వస్తుంది. పైగా గుంపు మొత్తం మెల్లగా కదులుతుంటుంది. వీడియోలు తీసి పరిశీలించిన శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం, అర నిమిషానికో నిమిషానికో ఒకసారి గుంపులో చిన్న అల పుడుతుంది, ఒక్కొక్కటీ 5 నుంచి 10 సెంటీమీటర్లు అడుగేస్తుంది. తిరుపతి క్యూలో ముందువాళ్ళు ఒక్క అడుగేస్తే వెనకాల అంతా ఒక్కో అడుగు జరుగుతుందే, అచ్చం అలాగే. తోపులాట మాత్రం ఉండదు, ఉంటే గుడ్లు మిగలవు.

దీనికీ ఇంట్లోనే ప్రయోగం ఉంది. ఎనిమిది స్టీలు గ్లాసుల్లో ఒకేలా గోరువెచ్చటి నీళ్ళు పోయండి. ఒకటి మధ్యలో, చుట్టూ ఆరు ఆనించి పెట్టండి. ఎనిమిదోది దూరంగా ఒంటరిగా. ఫ్యాన్ వేసేయండి, అదే అంటార్కిటికా గాలి. అరగంట తర్వాత వాణ్ణి వేలు పెట్టి చూడమనండి, ఏది వెచ్చగా ఉందో వాడే చెబుతాడు.

నడక సంగతి. మోకాళ్ళున్నాయి, కనబడవంతే. పెంగ్విన్ తొడ ఎముక పొట్టిది, మోకాలు ఎప్పుడూ మడిచే ఉంటుంది, అదంతా ఒంటి ఈకల లోపలే దాక్కుంటుంది. మనకి బయట కనిపించేది దాదాపు చీలమండ నుంచి కింది భాగమే. మీరు మాంసాహారులైతే ఆదివారం కోడి లెగ్ పీస్ చూపించండి. తొడముక్కా లెగ్ పీసూ కలిసే చోటు మోకాలు. పక్షులన్నిటికీ అంతే. మీవాణ్ణి గొంతుక్కూర్చుని, అలాగే పైకి లేవకుండా నడవమనండి, ఊగకుండా నడవగలడేమో చూద్దాం.

ఆ ఊగడం చూసి మనం నవ్వుతాం, పాపం నడక రాదనుకుంటాం. 2000 సంవత్సరంలో అమెరికాలో ఎంపరర్ పెంగ్విన్లని బరువు కొలిచే పలక మీద నడిపించి చూశారు. పక్కకి ఒరిగినప్పుడు కూడిన శక్తి తర్వాతి అడుగుకి సాయపడుతోందని తేలింది. ఒక అడుగు నుంచి ఇంకో అడుగుకి 80 శాతం దాకా శక్తి అలా మిగులుతోంది. నడకలో ఇంత పొదుపు చాలా తక్కువ జంతువులకే ఉంది. పెంగ్విన్‌కి నడక కష్టమే, దానికి కారణం పొట్టి కాళ్ళు. ఊగకపోతే ఇంకా కష్టమయ్యేది. పడిపోదా అంటే, అప్పుడప్పుడు పడుతుంది. గోళ్ళు మంచులోకి దిగేంత గట్టివి కాబట్టి చాలావరకు నిలదొక్కుకుంటుంది. నునుపైన మంచు కనిపిస్తే ఎలాగూ నడక మానేసి బోర్లా పడుకుని, కాళ్ళతో రెక్కలతో నెట్టుకుంటూ పొట్ట మీద జారుకుంటూ పోతుంది. మీ ఇంట్లో టైల్స్ ఉంటే పాత దుప్పటి మీద వాణ్ణి బోర్లా పడుకోబెట్టి లాగండి. గచ్చు బాగా తుడిచాక.

నేల మీద ఇంత తంటాలు పడేది నీళ్ళలో దిగిందంటే వేరే జీవి. మామూలు పక్షుల ఎముకల్లో చాలావరకు బోలుగా ఉంటాయి, ఎగరడానికి తేలిగ్గా. పెంగ్విన్ ఎముకలు గట్టివి, బరువైనవి, మునగడానికి వీలుగా. రెక్కలు మడతపడవు. వాటిని పైకి కొట్టినా ముందుకే, కిందకి కొట్టినా ముందుకే. కాళ్ళూ తోకా దిక్కు మార్చడానికి. అంటే అది నీళ్ళలో ఎగురుతోంది. ఎంపరర్ 500 మీటర్లకు మించి లోతుకి దిగిన రికార్డులున్నాయి. పైకొచ్చేటప్పుడు ఈకల్లో దాచుకున్న గాలిని సన్నటి బుడగలుగా వదులుతుంది, ఆ బుడగలు నీటి రాపిడిని తగ్గిస్తాయి, ఆ ఊపుతో మంచు గట్టు మీదకి ఎగిరి దూకుతుంది. బకెట్లో బంతిని అడుగుదాకా నొక్కి వదలమనండి, కొంత తెలుస్తుంది. మిగతాది వీడియోలో చూపించండి, నెమ్మదిగా తిప్పి.

ఏసీ 16 పేచీకి సమాధానం: పెంగ్విన్లన్నీ చలిదేశాల్లో ఉండవు. భూమధ్యరేఖ దగ్గర గాలాపగోస్ దీవుల్లో పెంగ్విన్లున్నాయి. దక్షిణాఫ్రికా ఎండల్లో ఉన్నాయి. ఎండెక్కువైతే నోరు తెరిచి రొప్పుతాయి, గాలి తగిలేలా రెక్కలు చాపుతాయి. కాబట్టి ఏసీ 26లో పెట్టుకుని కూడా పెంగ్విన్‌గా ఉండొచ్చు, గాలాపగోస్ పెంగ్విన్. మావాడైతే దీనికి ఒప్పుకోడు గానీ మీవాడు ఒప్పుకుంటాడేమో. కరెంటు బిల్లు మీది. ఫ్రిజ్‌లో పెంచుకోవడం మాత్రం కుదరదు. ఫ్రిజ్‌లో చలి ఉంటుంది, ఈదడానికి సముద్రమూ, ఆనుకోవడానికి తోటి పెంగ్విన్లూ ఉండవు.

చెన్నైలో చూపించడానికి నాకు తెలిసి చోటు లేదు, వండలూరు జూకి వెళ్ళి వెతక్కండి. ముంబయి వెళ్ళే పనుంటే బైకుల్లా జూలో 2017 నుంచి హంబోల్ట్ పెంగ్విన్లని చూపిస్తున్నారు. వాటిది దక్షిణ అమెరికాలోని పెరూ, చిలీ తీరం, అంటార్కిటికా కాదు. ఎంపరర్ అనుకుని వెళితే చిన్నగా ఉన్నాయని మీవాడు పేచీ పెడతాడు, ముందే చెప్పి తీసుకెళ్ళండి. మనదేశం వాళ్ళు అంటార్కిటికాలో 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి అనే కేంద్రాలు నడుపుతున్నారు. భారతి చుట్టుపక్కల అడెలీ పెంగ్విన్లు కనిపిస్తాయి. "నువ్వు పెద్దయ్యాక అక్కడ ఉద్యోగం చేయొచ్చు" అని చెప్పండి, అబద్ధం కాదు.

స్కూలు చార్టు మీద పెంగ్విన్ పక్కన ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ వేసుంటే మాత్రం టీచర్‌గారికి పక్కకి పిలిచి చెప్పండి, పిల్లల ముందు కాదు. ఎలుగుబంటి ఉత్తరాన, పెంగ్విన్ దక్షిణాన. రెండూ ఒకదాన్నొకటి చూసే అవకాశమే లేదు.

రెండు నిమిషాలకి ఇదంతా చెప్పించాలని చూడకండి. వాడికి వచ్చిన ప్రశ్న వాడే చెప్పనివ్వండి, "దాని కాళ్ళకి ఈకల్లేవు కదా, మరెందుకు గడ్డకట్టవు?" అని. తర్వాత రుమాళ్ళ ఆట క్లాసులో ఇద్దరు ముగ్గురు పిల్లలతో ఆడించనివ్వండి. చివర్లో గోడకి ఆనుకుని మడమల మీద నిలబడడం. టీచర్‌గారు ఒప్పుకుంటే డాల్డా కవర్లు కూడా పంపించండి, ఐస్ నీళ్ళ డబ్బాతో సహా. కవర్ల అంచులకి ముందు రాత్రే టేపు గట్టిగా వేయండి. యూనిఫాం మీద డాల్డా పడితే ఆ మరక అంత తేలిగ్గా వదలదు.